చెట్ల మీద పనికి ఏ తాడు, ఏ బెల్టు? మోకు నేర్పిన లెక్కతో ఒక సమాధానం

దేవరకొండ దగ్గరి నుంచి మీరు అడిగిన ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకొంటాను. మీరు ముగ్గురు మిత్రులు కలిసి ఇళ్ల మీదికి వాలిన వేప, రావి, కొబ్బరి చెట్ల కొమ్మలు కొట్టే పనిని గుత్తకు తీసుకుంటున్నారు. మీ నాన్నగారు కల్లుగీతలో వాడిన మోకు (చెట్టెక్కేటప్పుడు చెట్టుకూ నడుముకూ కలిపి చుట్టుకొనే తాడు), హార్డ్‌వేర్ దుకాణంలో కొన్న నీలం రంగు ప్లాస్టిక్ తాడు, భవన నిర్మాణంలో వాడే ఒక బెల్టు మీ దగ్గర ఉన్నాయి. ఇప్పుడు కొంత డబ్బు చేతికి వచ్చింది కాబట్టి, కొండలెక్కేవారు వాడే సాగే తాడు తెప్పించుకోవాలని అనుకుంటున్నారు. అది సరైనదేనా, ఎంత లావు, ఎంత పొడవు, మొదట ఏది కొనాలి అన్నవి మీ ప్రశ్నలు.

నేను మూసీ ఆయకట్టు కింద ఒక గీత కుటుంబంలో పుట్టాను. మా బాపు దగ్గర తాడిచెట్టు ఎక్కడం నేర్చుకున్నాను. ఆ తరువాత ఇరవై ఏళ్లకు పైగా నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ పట్టణాల్లో ఇళ్ల మధ్య చెట్ల పని చేస్తున్నాను. కాబట్టి మోకు మీద, కొత్త తాళ్ల మీద రెండింటి మీదా నా బరువు వేసి తెలుసుకున్న సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

కొండలెక్కే సాగే తాడు కొనకండి. అది మంచి తాడే గాని, మీ పనికి తగినది కాదు. ఎందుకో అర్థం కావాలంటే మీ ఇంట్లో ఉన్న మోకు దగ్గర మొదలుపెట్టాలి.

మోకు వేసుకొని తాడిచెట్టు ఎక్కిన మనిషిని మీరు చిన్నప్పటి నుంచి చూసి ఉంటారు. చెట్టు చుట్టూ, నడుము చుట్టూ తిరిగిన మోకులో ఆయన ఎప్పుడూ వెనక్కి ఆనుకొని, పాదాలతో చెట్టును తన్నిపెట్టి ఉంటాడు. ఆ ఆనుడు వల్ల మోకు క్షణమైనా వదులు కాదు. అంటే మోకు మనిషిని పడ్డాక పట్టుకొనే సాధనం కాదు, పడకుండా నిలబెట్టే సాధనం. గీత పనిలో ప్రమాదాలు ఎక్కువగా ఆ బిగువు తప్పిన చోటే జరుగుతాయి: వానకు బోదె తడిసి పాదం జారినప్పుడు, మట్టలను దాటడానికి మోకు విప్పి మార్చుకొనేటప్పుడు, లేదా మోకే చివికిపోయినప్పుడు. కాలు జారిన క్షణంలో వెనక్కి ఆనుకొనే బలం పోతుంది, ఆ బలంతో పాటే మోకు పట్టు కూడా పోయి మనిషి, మోకు కలిసి కిందికి జారతారు.

కొండలెక్కేవారి సాగే తాడు దీనికి సరిగ్గా వ్యతిరేకమైన ఆలోచన మీద తయారైంది. అక్కడ మనిషి తాను తాడు తగిలించిన చోటును దాటి పైకి వెళతాడు, పడతాడని ముందే అనుకుంటారు, పడ్డప్పుడు దెబ్బ ఒంటికి తగలకుండా తాడు సాగి ఆ వేగాన్ని మింగాలి. ఆ రకం తాడుకు ఐరోపా ప్రమాణం ఈఎన్ 892. 80 కిలోల బరువు ఊరికే వేలాడదీసినా, ఒక్కటిగా వాడే తాడు 10 శాతం వరకు సాగవచ్చని ఆ ప్రమాణం ఒప్పుకుంటుంది. 20 మీటర్ల తాడు మీద అది రెండు మీటర్లు. మీరు కొమ్మ చివరకు నడిచి, రంపం చేతపట్టి, కోత సరిగ్గా పడాలని నిలబడిన సమయంలో కాళ్ల కింద ఊయల ఊగుతున్నట్టు ఉంటే పని కాదు, పైగా ప్రతి కదలికకూ తాడు చెట్టు బెరడు మీద రాసుకొని అరుగుతుంది. చెట్ల పనికి కావలసింది తక్కువగా సాగే తాడు. దానికి ఈఎన్ 1891, అందులో ‘ఎ’ రకం అని తాడు చివర పట్టీ మీద గాని, లోపలి దారం మీద గాని ముద్ర ఉంటుంది. ఆ రకం తాడు 22 కిలోన్యూటన్ల లాగుడును, అంటే సుమారు 2,200 కిలోల బరువును ఓర్చుకోవాలి. పని బరువు కింద దాని సాగుడు 5 శాతం దాటకూడదు.

అయితే తక్కువ సాగే తాడు కొన్నవారు ఒక మాటను ఒంటికి పట్టించుకోవాలి: అది పడిన మనిషిని మెత్తగా ఆపదు. కాబట్టి ఆ తాడులో వదులు ఉండకూడదు. నాకు ఈ పాఠం నల్లగొండలో ఒక వేపచెట్టు మీద తెలిసింది. కొమ్మకు తగిలించిన పొట్టి తాడు నా నడుముకు ఉంది, అందువల్ల భద్రంగా ఉన్నాననే అనుకున్నాను. ఇంకొక కొమ్మ అందుకోవడానికి, తాడు తగిలించిన చోటుకంటే పైకి అడుగు వేశాను. బెరడు ఊడి కాలు జారింది. నేను పడింది మీటరుకు మించదు. తాడు తెగలేదు, క్లిప్పు విరగలేదు, బెల్టు ఊడలేదు. కాని ఆ ఒక్క కుదుపుకు పక్కటెముకలు దెబ్బతిని నెలకు పైగా పని మానుకున్నాను. పడే మనిషిని ఆపే పరికరాలు ఒంటి మీద 6 కిలోన్యూటన్లకు మించిన దెబ్బ పడనీయకూడదన్నది ప్రమాణాలు పెట్టిన హద్దు. సాగని పొట్టి తాడు మీద ఒక మీటరు పడితే ఆ హద్దు చాలా సులువుగా దాటిపోతుంది. అందుకే మీకు నేను చెప్పే అసలు సంగతి ఇదే: ఏ తాడైనా సరే, మీరు తగిలించుకున్న చోటు ఎప్పుడూ మీ నడుముకంటే పైన ఉండాలి, మధ్యలో తాడు బిగువుగా ఉండాలి. మోకులో బాపు ఒళ్లు చేసిన పనిని కొత్త సామానులో ముడి, బెల్టు చేస్తాయి; లెక్క మాత్రం అదే.

ఇప్పుడు మీ నీలం తాడు సంగతి. దుకాణాల్లో నీలం, పచ్చ, పసుపు రంగుల్లో తూకానికి అమ్మే ప్లాస్టిక్ తాళ్లు ఎక్కువగా పాలీప్రొపిలీన్‌తో గాని, అటువంటి దారంతో గాని చేసినవి. ఎండ తగిలిన కొద్దీ అవి పెళుసెక్కి పొట్టు రాలుస్తాయి. మన వైపు ఏప్రిల్, మే ఎండల్లో పడి ఉన్న తాడును చేతితో నలిపి చూస్తే మీకే తెలుస్తుంది. అంతకంటే పెద్ద దోషం, ఆ దారం 160 డిగ్రీల సెల్సియస్ దాటగానే కరిగిపోవడం. తాడు మీద తాడు వేగంగా రాసుకుంటే ఆ వేడి పుట్టడం కష్టమేమీ కాదు. నైలాన్ 215 డిగ్రీల వరకు, పాలియెస్టర్ 250 డిగ్రీల పైదాకా ఆగుతాయి. నీలం తాడును కొట్టిన కొమ్మలను నేల మీద ఈడ్వడానికి ఉంచుకోండి. దాని మీద మనిషి వేలాడకూడదు.

లావు విషయంలో, చెట్ల పనికి 11 నుంచి 13 మిల్లీమీటర్ల మధ్య తాడు సరిపోతుంది. బలం కోసం చూస్తే 11 చాలు, కాని రోజంతా చేతితో పట్టుకొని లాగేవాడికి 12, 13 మిల్లీమీటర్ల తాడు పిడికిట్లో బాగా నిలుస్తుంది, ముడులు కూడా దాని మీద నిదానంగా, నమ్మకంగా జారతాయి. కొత్తగా నేర్చుకొనేవారికి నేను 12కు తగ్గని తాడే ఇప్పిస్తాను. పొడవుకు లెక్క తేలిక: తాడు కొమ్మ మీదుగా రెండు పేటలుగా దిగి నేలను తాకాలి, ఆపైన ముడికీ చేతికీ కొంత మిగలాలి. 18 మీటర్ల ఎత్తున తాడు వేయాలంటే 36 మీటర్లు రెండు పేటలకే పోతాయి, కాబట్టి 45 మీటర్ల తాడు మన ఊళ్లలోని చాలా చెట్లకు చాలుతుంది. తాడు చివర ఎప్పుడూ ఒక ముడి వేసి ఉంచండి, లేకపోతే తాడు పొట్టిదైన రోజు దిగుతూ దిగుతూ చివర చేతిలోంచి జారిపోతుంది.

రెండు పేటల తాడు మీద ఎక్కడమే మొదట నేర్చుకోండి. తాడు ఒక కొన మీ నడుముకు, రెండో పేట మీద ఒక బిగుసుకొనే ముడి, ఆ ముడి కూడా మీ నడుముకే. బరువు పడితే ముడి బిగుస్తుంది, చేతితో మెల్లగా నొక్కితే జారుతుంది. అంటే మీరు ఎక్కడ ఆగితే అక్కడ తాడు తానే బిగువుగా నిలుస్తుంది. ఆ రకం ముడుల్లో పేరుపడ్డది ఆస్ట్రియాకు చెందిన కార్ల్ ప్రూసిక్ 1931లో వివరించిన ముడి. చెట్ల పనివారు ఇప్పుడు బ్లేక్ ముడిని, వల్దోతాన్ ముడిని ఎక్కువగా వాడుతున్నారు. ముడికి వాడే చిన్న తాడు ప్రధాన తాడుకంటే సన్నగా, 8 నుంచి 10 మిల్లీమీటర్లు ఉండాలి; ప్రూసిక్, వల్దోతాన్ వంటి ముడుల్లో రెండూ ఒకే లావుగా ఉంటే పట్టు సరిగ్గా కుదరదు. ఈ చిన్న తాడు మొత్తం సామానులో అన్నిటికంటే ముందు అరిగేది, వేడికి మెరుపెక్కేది. గాజులా నున్నగా, గట్టిగా తగిలిన రోజే దాన్ని మార్చాలి. పని అయిందని పైనుంచి సర్రున దిగడం ఆ తాడును కాల్చడమే.

కొమ్మ మీద తాడు నేరుగా రాసుకోకుండా, రెండు రింగులున్న పట్టీని కొమ్మకు చుట్టి ఆ రింగుల్లోంచి తాడు తీయడం మేలు. దానివల్ల తాడు, బెరడు రెండూ బతుకుతాయి.

కొందరు ఒంటి తాడును కొమ్మ మీదుగా వేసి, ఒక కొనను చెట్టు మొదలుకు కట్టి రెండో కొన మీద ఎక్కుతారు. సులువుగా కనిపించే ఈ పద్ధతిలో ఒక లెక్క దాగి ఉంది. మీ బరువు ఒక పేట మీద ఉంటే, దాన్ని ఆపడానికి మొదలు వైపు పేట కూడా దాదాపు అంతే బలంతో కిందికి లాగుతుంది. సామానుతో కలిపి మీరు 80 కిలోలుంటే పై కొమ్మ మీద పడేది 160 కిలోల దాకా ఉంటుంది. రెండు పేటల పద్ధతిలో కొమ్మ మీద పడేది మీ బరువే. కాబట్టి మొదటి రెండేళ్లు ఒంటి తాడు జోలికి వెళ్లకండి.

కొమ్మ ఎంపిక గురించి నేను ఎంత చెప్పినా తక్కువే, ఎందుకంటే 22 కిలోన్యూటన్ల తాడును చచ్చిన కొమ్మకు తగిలిస్తే మీ బలం ఆ కొమ్మ బలమే. బోదెకు దగ్గరగా, కనీసం నాలుగు వేళ్ల వెడల్పు కంటే బాగా లావుగా, అంటే 10 సెంటీమీటర్లకు తగ్గకుండా ఉన్న పచ్చి కొమ్మనే ఎంచుకోండి. చింత నమ్మదగిన చెట్టు, దాని కట్టె వంగుతుంది గాని టక్కున విరగదు. వేప మధ్యరకం. నేరేడు, మునగ, ఎర్రతురాయి, సుబాబుల్ కొమ్మలు చూపుకు లావుగా ఉన్నా పుటుక్కున విరుగుతాయి. రావి, మర్రి కొమ్మల్లో లోపలి డొల్ల పైకి కనిపించదు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రిలో 2017 చివర్లో చెదలు తిన్న పెద్ద కొమ్మ విరిగిపడినప్పుడు, ఆ తరువాత సెలైన్ సీసాలతో మందు ఎక్కించి ఆ చెట్టును కాపాడవలసి వచ్చినప్పుడు, ఆకు పచ్చగా ఉన్నంత మాత్రాన కట్టె గట్టిగా ఉన్నట్టు కాదని ఈ ప్రాంతమంతా చూసింది. ఎక్కే ముందు తాడును కొమ్మ మీద వేసి ఇద్దరు మనుషులు కింద నుంచి ఒకేసారి వేలాడి చూడాలి. ఇది ఒక నిమిషం పని. దానితోపాటు చుట్టూ తిరిగి పెద్ద తేనెటీగల పట్టు ఉందేమో చూడండి. తాడుకు వేలాడుతున్న మనిషి తేనెటీగల నుంచి పరిగెత్తలేడు.

బెల్టు సంగతికి వస్తాను. భవన నిర్మాణంలో వాడే మీ బెల్టు మంచిదే అయి ఉండవచ్చు, భారత ప్రమాణం ఐఎస్ 3521 ముద్ర ఉంటే మరీ మంచిది. కాని దాని రింగు వీపు వెనక ఉంటుంది, దానికి ఉన్న పొడవాటి రెండు కొక్కేల తాళ్లు పడిన మనిషిని ఆపడానికి పెట్టినవి. వీపు రింగుకు వేలాడుతూ చెట్టు మీద పని చేయడం కుదరదు. చెట్ల పనికి తొడల చుట్టూ పట్టీలుండి కూర్చోబెట్టే బెల్టు కావాలి. నడుముకు ముందు, రెండు పక్కలనూ వంతెనలా కలిపే పట్టీ మీద రింగు, రెండు పక్కలా రెండు రింగులు ఉండాలి. ముందు రింగు ఈఎన్ 813 ప్రకారం, పక్క రింగులు ఈఎన్ 358 ప్రకారం ఉన్నాయో లేదో ముద్ర చూడండి. కొనే ముందు తప్పనిసరిగా దానిలో కూర్చొని పావుగంట వేలాడి చూడండి. తొడలు తిమ్మిరెక్కితే అది మీ కొలతకు తగిన బెల్టు కాదు.

క్లిప్పులు, అంటే క్యారబినర్లు, మూడు కదలికలతో మాత్రమే తెరుచుకొని వదలగానే తామే మూసుకొనే రకం తీసుకోండి. మర తిప్పి బిగించేవి కొమ్మకు రాసుకొని తామే విప్పుకోగలవు. క్యారబినర్ నిలువునా 23 కిలోన్యూటన్లో అంతకంటే ఎక్కువో ఆగుతుంది, అడ్డం తిరిగితే చాలావాటిలో అది 7, 8కి పడిపోతుంది. ఈ అంకెలు దాని ఒంటి మీదే చెక్కి ఉంటాయి. నకిలీ సరుకు మీద కూడా అంకెలు ఉంటాయి కాబట్టి, బిల్లు ఇచ్చే, తయారీ సంఖ్య చూపే చోటే కొనండి.

ఇక కొబ్బరి, తాడి చెట్లకు పైన చెప్పిన కొమ్మ లెక్క పనిచేయదు, ఎందుకంటే అక్కడ కొమ్మ లేదు. మట్టకు తాడు తగిలించడం ఎన్నడూ చేయకండి. పచ్చగా కనిపించే మట్ట కూడా మొదట్లోంచి ఊడివస్తుంది. ఇక్కడ మీ నాన్నగారి మోకు విద్యే పనికి వస్తుంది, దానికి ఒక తోడు కావాలి. 2024 జూలై 14న అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ప్రభుత్వం గీత కార్మికులకు ‘కాటమయ్య రక్షణ కవచం’ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. బెల్టు, తాడు, క్లిప్పులతో కూడిన ఆ కిట్టు చేసే మేలును నేను ఒక్క మాటలో చెప్పగలను: కాలు జారినా చెట్టు చుట్టూ ఉన్న పట్టు వదలదు. ఉరి వేసినట్టు బోదెను చుట్టుకొనే పట్టీ బరువు పడగానే బిగుసుకుంటుంది, మోకు అలా బిగుసుకోదు. అటువంటి పట్టీలు రెండు ఉంటే, అడ్డం వచ్చినప్పుడు ఒకటి విప్పి పైకి మార్చేలోగా రెండోది మిమ్మల్ని పట్టి ఉంటుంది. మీ కుటుంబం గీత వృత్తిలో ఉంటే ఆ కిట్టుకు, దానితో ఇచ్చే శిక్షణకు తప్పక అడగండి. మోకును పక్కన పెట్టమని నేను అనడం లేదు. దాన్ని ఒంటరిగా నమ్మవద్దని అంటున్నాను. ఇనుప ముళ్లున్న చెప్పులు మాత్రం కొట్టేసే చెట్టుకే వాడాలి. బతకవలసిన చెట్టుకు ప్రతి అడుగూ ఒక గాయమవుతుంది, తాడి, కొబ్బరి జాతి చెట్లకు ఆ గాయం ఎన్నటికీ పూడదు.

కోత సమయంలో మీ ఒంటికి రెండు తాళ్లు ఉండాలి: పైనుంచి వచ్చే ప్రధాన తాడు ఒకటి, పక్క రింగుల నుంచి బోదెను చుట్టిన పొట్టి తాడు ఒకటి. కారణం చాలా మామూలుది. రంపం పళ్లకు కొమ్మకూ తాడుకూ తేడా తెలియదు, బిగువుగా ఉన్న తాడు రంపం పన్ను తగిలితే చాలు, తెగిపోతుంది. చెట్టు మీద గొడ్డలి వాడే అలవాటు మన వైపు ఇంకా ఉంది, దాన్ని మానమని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను. విసిరే ఆయుధం ఎక్కడ ఆగుతుందో విసిరినవాడి చేతిలో ఉండదు. వంపు తిరిగిన చేతి రంపం ఒరలో పెట్టుకొని ఎక్కండి. మిషన్ రంపం ఒంటిచేత్తో పట్టుకోకండి. లోపల ఉక్కు తీగ ఉన్న పొట్టి తాడు రంపానికి కొంత ఎక్కువ ఆగుతుంది గాని, కరెంటు తీగల దగ్గర అదే మృత్యువు. అసలు 11 కేవీ తీగ కొమ్మల్లోంచి పోతుంటే, విద్యుత్ సిబ్బంది లైన్ క్లియర్ తీసుకొని సరఫరా ఆపి, తీగను భూమికి కలిపిన తరువాతే చెట్టు దగ్గరికి పోవాలి. పచ్చి కొమ్మలోనూ, తడిసిన తాడులోనూ కరెంటు పారుతుంది.

కొమ్మలు దించే తాడు వేరుగా ఉండాలి, రంగు కూడా వేరుగా ఉండాలి. అడుగు లావు, మీటరు పొడవున్న పచ్చి వేప దుంగ 70 కిలోల దాకా తూగుతుంది. అది ఒక మీటరు కిందపడి తాడు మీద ఆగితే, ఆ దెబ్బ దాని బరువుకు ఎన్నో రెట్లు. ఆ దెబ్బలు తిన్న తాడు బయటికి బాగానే కనిపిస్తుంది. దాన్ని మరునాడు మనిషికి కట్టకూడదు.

మీరు ముగ్గురు ఉన్నారు కాబట్టి, ఇద్దరికి బెల్టులు ఉండాలి. పైనున్నవాడికి స్పృహ తప్పితే, బెల్టులో కదలకుండా వేలాడటమే అతని ప్రాణం మీదికి తెస్తుంది. కాళ్లలో రక్తం నిలిచిపోయి నిమిషాల్లో పరిస్థితి విషమించవచ్చు. రెండోవాడు ఎక్కి అతన్ని దించగలగాలి, దాన్ని ముందే నేల దగ్గర సాధన చేసి ఉండాలి. మూడోవాడు కిందే ఉండాలి, కొమ్మలు పడే చోటికి ఎవరినీ రానీయకూడదు.

డబ్బు తక్కువైతే నేను పెట్టే వరుస ఇది. మొదట తాడు, బెల్టు, నాలుగు క్యారబినర్లు, ముడికి రెండు చిన్న తాళ్లు, గడ్డం కింద పట్టీ ఉన్న హెల్మెట్. వీటిలో ఏదీ లేకుండా ఎక్కవద్దు. తరువాత పొట్టి తాడు, రెండో బెల్టు. ఆ తరువాతే, కింద నుంచి కొమ్మ మీదికి తాడు ఎక్కించడానికి వాడే విసురుడు దారం, దానికి కట్టే 300 నుంచి 400 గ్రాముల సీసపు సంచి. పొట్టి తాడు, రెండో బెల్టు వచ్చేదాకా ఎక్కి దిగడం నేర్చుకోండి, పైన కోత పని ఒప్పుకోకండి. నెల రోజులు ఒక చింతచెట్టు కింద, నేలకు మీటరు ఎత్తులోనే, ముడి బిగించి, జార్చి, ఆగి చూసుకోండి.

తాడును కాపాడుకోవడంలో మన పనివారు ఎక్కువగా చేసే తప్పు, దాన్ని ట్రాలీ ఆటోలో బ్యాటరీ పక్కన వేయడం. బ్యాటరీ ఆమ్లపు ఆవిరి కూడా నైలాన్‌ను లోపలే తినేస్తుంది, రంగు మారకుండానే. తాడుకు ఒక సంచి కుట్టించి అందులోనే ఉంచండి. మట్టి, జిగురు పడితే గోరువెచ్చని నీళ్లలో కొద్ది సబ్బుతో కడిగి నీడలో ఆరేయండి. ఎక్కే ముందు ప్రతి రోజూ తాడునంతా వేళ్ల మధ్య నుంచి జార్చి చూడండి: ఎక్కడైనా పల్చబడినా, గడ్డ తగిలినా, లోపలి దారం తెల్లగా కనిపించినా ఆ తాడు పని అయిపోయింది. ఆ రోజు దాన్ని చుట్టచుట్టి అటక మీద పెట్టకండి, ఎవరో ఒకరు తీసి కట్టుకుంటారు. బారెడు బారెడు ముక్కలుగా కోసి, దూడలను కట్టేయడానికి ఇచ్చేయండి.